మన రక్తమే మనకు మందా?

మా విస్సన్నపేటలో "రక్తఫలకికలు" అంటే ఎవరికీ తెలియదు కానీ ప్లేట్‌లెట్లు అంటే తెలియని ఇల్లుండదు. అంతా డెంగీ పుణ్యం. ఎవరికి జ్వరమొచ్చినా మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనే. బొప్పాయాకు రసం సంగతి సరేసరి. అందుకని మొన్న మామిడికాయల రోజుల్లో ఊరెళ్ళినప్పుడు మా పిన్ని "ఒరేయ్, మోకాళ్ళలోకి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారంట, మన రక్తమే అంట, ఆపరేషన్ తప్పుతుందంట" అంటే నాకు పెద్ద వింతనిపించలేదు. బెజవాడలో ఎవరో మూడు ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారట. డబ్బులు కూడా తీసి బీరువాలో పెట్టారు.

వింతనిపించింది వేరే. అదే ఇంట్లో, అదే అరుగుమీద, మా బాబాయి అరికాలికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళ షుగరు. పుండు అయిదు నెలల్నించీ మానలేదు. దానికి మాత్రం "ఆర్ఎంపీ గారొచ్చి కట్టు మారుస్తున్నారుగా" అని ఊరుకున్నారు!

తిరిగొచ్చాక రెండు రాత్రులు కూర్చుని ఈ వైద్యం చరిత్ర చదివాను. మొదలైంది మోకాలితో కాదు, బాబాయిది లాంటి మానని పుండుతోనే.

ప్లేట్‌లెట్లు రక్తం గడ్డకట్టడానికి పనికొస్తాయని ఇటలీలో బిజ్జొజెరో 1882లోనే చెప్పాడు. ఆ తర్వాత సుమారు తొంభయ్యేళ్ళపాటు వాటిని చిల్లు పడితే పూడ్చే లప్పంలాగానే చూశారు. 1974లో సియాటిల్‌లో రసెల్ రాస్ బృందం ఒక చక్కటి ప్రయోగం చేసింది. గడ్డకట్టిన రక్తంలోంచి తీసిన సీరంలో రక్తనాళాల కండర కణాలు బాగా పెరుగుతున్నాయి. ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మాతో చేసిన సీరంలో పెరగట్లేదు. రెండోదానిలో ప్లేట్‌లెట్ల సారం కలిపితే మళ్ళీ పెరుగుతున్నాయి. ఒక మాడ్యూల్ పీకేసి రన్ చేసి, మళ్ళీ పెట్టి రన్ చేసి చూడ్డం. మనం రోజూ చేసే డీబగ్గింగే కదా! ప్లేట్‌లెట్ల లోపలుండే చిన్న చిన్న సంచుల్లోంచి కణాల్ని పెరగమని చెప్పే ప్రొటీన్లు బయటికొస్తాయని అలా తేలింది. అందులో మొదటిది పీడీజీఎఫ్.

1986లో మిన్నెసోటాలో డేవిడ్ నైటన్ అనే సర్జన్ దీన్ని మనుషుల మీదికి తెచ్చాడు. 49 మంది, అందరివీ మొండి పుండ్లు. అప్పటికి సగటున 198 వారాలుగా వైద్యం చేయించుకుంటున్నవాళ్ళు. వాళ్ళ రక్తమే తీసి, ప్లేట్‌లెట్ల సారం పుండుకి పూస్తే సగటున పదిన్నర వారాల్లో మానాయని రాశాడు. చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. కాకపోతే పోల్చి చూడ్డానికి రెండో గుంపు లేదు. మంచి కట్టు, శుభ్రం చెయ్యడం వల్ల ఎంత మానాయో, సారం వల్ల ఎంతో తేల్చలేం. 1992లో అమెరికా మెడికేర్ దీనికి డబ్బులివ్వం పొమ్మంది.

అయినా దారి మూసుకుపోలేదు. పీడీజీఎఫ్‌ని ఈస్టు కణాల్లో తయారుచేసి షుగరు పుండ్ల జెల్‌గా అమ్మడానికి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. మనవాళ్ళూ తక్కువ తినలేదు. డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ ప్లెర్మిన్, విర్కో బయోటెక్ వాళ్ళ హీలేస్ అలాంటి జెల్లులే, రెండూ హైదరాబాదు కంపెనీలే. 1998లో మయామీలో రాబర్ట్ మార్క్స్ 88 మందికి దవడ ఎముక అతుకుల్లో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మా, అంటే పీఆర్‌పీ, కలిపితే ఎముక త్వరగా ముదిరిందని చూపించాడు. 2001లో ఫ్రాన్సులో షుక్రూన్ ఇంకా సులువు చేశాడు. రక్తం గడ్డకట్టకుండా ఏ మందూ కలపకుండా వెంటనే ట్యూబుని గిరగిరా తిప్పితే మధ్యలో జిగురు ముద్ద తేలుతుంది, కవ్వం ఆపాక వెన్న తేలినట్టు. పళ్ళ డాక్టర్లు దాన్నే పీఆర్ఎఫ్ అంటారు.

ఇక మోకాలి గొడవ. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ పీఆర్‌పీ సూది వేయించుకుని సూపర్‌బౌల్ ఆడాడు. పేపర్లకెక్కింది. ఆ తర్వాత భుజం, మోచెయ్యి, జుట్టు, ముఖం... సూది పోని చోటు లేదు. మరుసటేడే, 2010లో, మడమ నరం నొప్పి మీద ఉప్పునీటి సూదితో పోల్చి చూస్తే తేడా లేదని నెదర్లాండ్స్ వాళ్ళు తేల్చారు. 2021లో ఆస్ట్రేలియాలో మోకాళ్ళరుగుదల ఉన్న 288 మందికి వారానికొకటి చొప్పున మూడు సూదులు (పిన్నికి చెప్పినట్టే!) వేశారు. సగం మందికి ఉప్పునీళ్ళు. ఏడాదికి నొప్పి అటు 2.1 పాయింట్లు తగ్గింది, ఇటు 1.8. గణాంకాల లెక్కలో అది తేడానే కాదు. కీలు లోపలి మృదులాస్థి అరుగుదలా ఆగలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పరీక్షలో వాడినదాంట్లో ప్లేట్‌లెట్లు మామూలు రక్తంకంటే పెద్దగా ఎక్కువ లేవని విమర్శలొచ్చాయి. నిజమే కావచ్చు. నాకు చిరాకు పుట్టించేదీ అదే. పీఆర్‌పీ అన్నది ఒకే సరుకు కాదు. తెల్లకణాలు ఉంచారా తీసేశారా, ఎంత వేగంతో తిప్పారు, చివరికి ఎన్ని ప్లేట్‌లెట్లు మిగిలాయి, చోటుకో లెక్క. 2009లో కొందరు కూర్చుని దీన్ని నాలుగు రకాలుగా విడగొట్టారు గానీ బిల్లుమీద ఇప్పటికీ ఒకటే పేరు చూస్తుంటాం. వెర్షన్ నంబరు లేని బిల్డుని నేరుగా ప్రొడక్షన్లో పెట్టడమంటే ఇదే. మన కంపెనీల్లో ఎవరైనా ఒప్పుకుంటారా? (సరే, కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, నేనూ చేశాను.)

పుండ్ల సంగతి మాత్రం నెమ్మదిగా ముందుకే కదిలింది. 2016లో కాక్రేన్ సమీక్ష, షుగరు పుండ్లకి పనికి రావచ్చు, కానీ ఆధారాలు బలహీనం అంది. మెడికేర్ 2012లో పరిశోధనలో భాగంగా అయితే ఇస్తామంది, 2021లో మానని షుగరు పుండ్లకి 20 వారాలదాకా ఇస్తామంది. కాదు పొమ్మన్న వాళ్ళే ఇరవైతొమ్మిదేళ్ళకి ఔనన్నారు! అదీ ఒక్క షుగరు పుండ్లకే.

ఇదంతా చదివాక పిన్నికి ఫోన్ చేశాను. "మోకాళ్ళకి తొందరేం లేదు, ఎన్ని ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారో రాసిమ్మని అడుగు, రాసిస్తే అప్పుడు చూద్దాం" అన్నాను. "నువ్వు కంప్యూటర్ల డాక్టరువి, నీకేం తెలుసురా" అంది. అదీ నిజమే. బాబాయికి కూడా ప్లేట్‌లెట్లు చెయ్యమని అడగబోవట్లేదు. ముందు కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూడాలి, చీము శుభ్రం చెయ్యాలి, షుగరు దించాలి, పుండుమీద బరువు పడకుండా చెప్పు చేయించాలి. అవన్నీ చేసినా కదలకపోతే అప్పుడు అడగొచ్చు.

సోమవారం బయల్దేరదీస్తున్నాం. నూజివీడు మీదుగా బస్సులో వెళ్దామన్నాడు బాబాయి, డబ్బులు దండగని. కాలు కింద మోపొద్దని, కారు మాట్లాడమని తమ్ముడికి చెప్పాను.