రోజెన్‌వాల్డ్ బడులకు చందా ఎవరిచ్చారు

అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో 1912 తర్వాత ఇరవై ఏళ్లపాటు నల్లజాతి పిల్లల కోసం కట్టినవే రోజెన్‌వాల్డ్ బడులు. అక్కడ తెల్లవారి బడులు వేరు, నల్లవారి బడులు వేరు. పన్ను అందరి దగ్గరా వసూలయ్యేది, ఖర్చు మాత్రం ఎక్కువగా తెల్లపిల్లల మీదే పెట్టేవారు. నల్లపిల్లల చదువు చాలాచోట్ల చర్చిలోనో, కూలడానికి సిద్ధంగా ఉన్న కొట్టంలోనో సాగేది.

జూలియస్ రోజెన్‌వాల్డ్ షికాగో వ్యాపారి, సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి. 1912లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా అలబామాలో నల్లవారి కోసం నడిచే టస్కీగీ విద్యాసంస్థకు 25,000 డాలర్లు ఇచ్చాడు. ఆ సంస్థను నడిపే బుకర్ టి. వాషింగ్టన్ బానిసగా పుట్టినవాడు. ఆయన చొరవతో, ఆ విరాళంలో మిగిలిన కొద్ది సొమ్ముతో అలబామాలో ఆరు బడులు కట్టించడంతో పని మొదలైంది.

దానానికి ఒక మెలిక ఉంది. దాత ఇచ్చేది కొంతే. ఊరివాళ్లు తమ వాటా వేసుకోవాలి, స్థానిక విద్యాధికారులు కొంత పెట్టి బడిని సర్కారు బడిగా నడపాలి. డబ్బు లేనివాళ్లు కలప తోలారు, స్థలం ఇచ్చారు, కూలి లేకుండా పనిచేశారు. కొన్ని ఊళ్లలో విడిగా పత్తి వేసి ఆ రాబడి బడికి ఇచ్చారు. అలబామాలో ఒక చందా సభలో, బానిసత్వపు రోజులు చూసిన ముసలాయన జిడ్డు పట్టిన సంచిలోంచి తన జీవితకాలపు కూడబెట్టంతా బల్ల మీద కుమ్మరించాడు. అది 38 డాలర్లు.

తొలి కట్టడాల నమూనాలు టస్కీగీలో తయారయ్యాయి. కరెంటు లేని ఊళ్లు కాబట్టి గదికి ఒక పక్కంతా ఎత్తయిన కిటికీలు వరసగా పెట్టారు.

1932 నాటికి 15 రాష్ట్రాల్లో బడులే 4,977 లేచాయి. అనుబంధ కట్టడాలతో కలిపి మొత్తం ఖర్చు 2.8 కోట్ల డాలర్లు దాటింది. అందులో రోజెన్‌వాల్డ్ నెలకొల్పిన నిధి వాటా సుమారు 43 లక్షలు, నల్లజాతివారి చందాలు సుమారు 47 లక్షలు. మిగిలినదాంట్లో అధికభాగం పన్నుల సొమ్ము. అందులోనూ నల్లవారు కట్టిన పన్ను ఉంది. ఒకే బడికి రెండుసార్లు చెల్లించారన్నమాట. పేరు మాత్రం దాతకు దక్కింది.

ఈ పథకం జాతి వేర్పాటు జోలికి పోలేదు. వేరు బడులనే బాగుచేసింది. అయితే అదే నిధి మేధావులకు ఫెలోషిప్పులూ ఇచ్చింది. వాటితో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు బొమ్మలతో చేసిన పరిశోధన వేర్పాటు పిల్లల మనసును ఎలా కుంగదీస్తుందో చూపింది. దాత కోరినట్టే నిధి మొత్తం ఖర్చుపెట్టేసి 1948లో మూసేశారు. 1954లో వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. క్లార్క్ పరిశోధన ఆ వ్యాజ్యంలో సాక్ష్యంగా నిలిచింది. తీర్పు అమలైనకొద్దీ రోజెన్‌వాల్డ్ బడులు మూతపడ్డాయి. మిగిలినవాటిలో కొన్ని ఇప్పుడు ఊరి సభాభవనాలు, మ్యూజియంలు.