ఎక్స్‌రే పటములు - నిష్పత్తుల పరీక్ష

1895లో జర్మనీ దేశమున రాంట్‌జన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనిన పిమ్మట, శరీరమును కోయకయే లోపలి రోగమును చూచుట వైద్యులకు సాధ్యమయ్యెను. అయితే పటమును చూచి తీర్పు చెప్పవలసినది వైద్యుని కన్ను. దానినెంతవరకు నమ్మవచ్చునో సంఖ్యలతో తేల్చు ప్రయత్నము అర్ధశతాబ్ది పిదప గట్టిగా జరిగెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో క్షయరోగులను కనిపెట్టుటకు చిన్న ఫిల్ము మేలా, పెద్ద ఫిల్ము మేలా యను చర్చ వచ్చెను. 1,256 మందికి నాలుగు పద్ధతులలో ఱొమ్ము పటములు తీసి, ఐదుగురు నిపుణులకు చూపిరి. 1947లో ప్రకటింపబడిన ఫలితము వైద్యలోకమును కలవరపెట్టెను. ఫిల్ముల తేడా కంటె చూచువారి తేడాయే మిన్నగా నుండెను. ఒకే నిపుణుడు అదే పటమును మరల చూచి తన మొదటి మాటను తానే కాదనుటయు కలదు. పరిశోధకులలో నొకరైన యెరుషాల్మీ, ఏ పరీక్షనైనను రెండు నిష్పత్తులతో కొలువవలెనని ఆ యేటనే వివరించిరి: రోగులలో ఎందరిని పట్టినది, రోగము లేనివారిలో ఎందరిని లేదని తేల్చినది.

రెండు పద్ధతుల నిష్పత్తులు వేరైనపుడు ఆ తేడా నిజమా, కాకతాళీయమా? ఒకే రోగులను రెండు విధముల చూచినపుడు, రెండును ఏకీభవించిన రోగులవలన ఈ ప్రశ్న తేలదు. విభేదించిన చోటులనే లెక్కింపవలెను. ఈ మార్గమును 1947లోనే మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు మెక్‌నెమార్ చూపిరి. 100 మంది రోగులలో మొదటి పద్ధతి మాత్రమే పట్టినవారు 15, రెండవది మాత్రమే పట్టినవారు 5 అనుకొందము. తేడా 10, దాని వర్గము 100, విభేదముల మొత్తము 20తో భాగింప 5 వచ్చును. పద్ధతులు సమానమైనచో ఈ ఫలము 3.84ను మించుట నూటికి సుమారు ఐదు మారులే గనుక, సమానమను ఊహను త్రోసిపుచ్చవచ్చును. 12, 8 అయినచో ఫలము 0.8 మాత్రమే, అపుడు క్రొత్త పద్ధతిని కొనియాడుట తొందరపాటు.

ఇట్టి పరీక్షలను తనలో నిముడ్చుకొను విశాలసిద్ధాంతమును, స్కోర్ పరీక్ష యను పేర ప్రసిద్ధమైనదానిని, 1948లో ప్రకటించినవారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. వారు 1920లో కర్ణాటకమందలి హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 2023లో దివంగతులైరి.

నేడు కంప్యూటరులును పటములను చదువుచున్నవి. తప్పిన ఒక్క రోగి ఇంటికి పోయి నలుగురికి క్షయ నంటింపగలడు. లేని రోగమును ఉన్నదనిన ఆరోగ్యవంతునికి మందులబాధ తప్పదు. కావున మన బడులలో నూటికెంత యను లెక్కతో పాటు, ఎందరిలో, దేనితో పోల్చి యని అడుగుటయు పిల్లలకు నేర్పుట మేలు.