కారు ఎగ్జాస్టు వ్యవస్థ మార్పు

కారు ఎగ్జాస్టు వ్యవస్థ మార్పు అనగా కర్మాగారములో అమర్చిన పొగగొట్టము, సైలెన్సరు మొదలైన భాగములను తీసివేసి, ఇంజను శక్తిని పెంచుటకు గాని, శబ్దాన్ని మార్చుటకు గాని వేరే భాగములను బిగించుట. శక్తి, శబ్దము అనే ఈ రెండు ప్రయోజనములు వేరువేరు. వీటిని ఒకటిగా భావించుట వలననే ఈ విషయములో అపోహలు ప్రబలినవి. భారతదేశములో రోడ్డుపై తిరిగే వాహనమునకు ఇటువంటి మార్పు చాలా సందర్భములలో చట్టవిరుద్ధము.

వ్యవస్థలోని భాగములు

నాలుగు సిలిండర్ల పెట్రోలు కారులో ప్రతి సిలిండరు నుండి వెలువడే వాయువులు మొదట మానిఫోల్డు అనే భాగములో కలుస్తాయి. అక్కడి నుండి కేటలిటిక్ కన్వర్టరు, రెజొనేటరు, సైలెన్సరుల గుండా ప్రయాణించి వెనుకనున్న గొట్టము ద్వారా బయటకు పోతాయి. వాడుకలో ఈ మొత్తాన్ని సైలెన్సరు అనే అంటారు. సైలెన్సరుకు 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు పేటెంటు పొందారు.

కన్వర్టరులో తేనెపట్టు వంటి పింగాణి దిమ్మెపై ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహముల పలుచని పూత ఉంటుంది. ఇది కార్బన్ మోనాక్సైడు, కాలని హైడ్రోకార్బనులు, నైట్రోజన్ ఆక్సైడులను కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, నైట్రోజనులుగా మారుస్తుంది. పెట్రోలులోని సీసము ఈ పూతను పాడుచేస్తుంది. మన దేశములో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరములలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయినది. 2000 నాటికి దేశమంతటా సీసము లేని పెట్రోలు అమలులోనికి వచ్చినది.

శబ్దము

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు భ్రమణములకు ఒకసారి వాయువులను వదులుతుంది. ఇంజను నిమిషమునకు 3000 భ్రమణములు చేస్తున్నదనుకొందాము. అనగా సెకనుకు 50. ఒక్కొక్క సిలిండరు నుండి సెకనుకు 25 చొప్పున, నాలుగింటి నుండి 100 ఒత్తిడి తరంగములు వెలువడతాయి. మనకు వినిపించే ప్రధాన స్వరము 100 హెర్ట్జులు. మిగిలినవి దాని గుణిజములు. సిలిండర్ల సంఖ్యను, అవి పేలే క్రమాన్ని బట్టి ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క గొంతు ఉండుటకు కారణమిదే. అమెరికాకు చెందిన హార్లే డేవిడ్సన్ సంస్థ తన మోటారు సైకిలు ధ్వనిని వ్యాపారచిహ్నముగా నమోదు చేయించుకొనుటకు 1994లో దరఖాస్తు చేసి, 2000లో విరమించుకొన్నది.

సైలెన్సరు రెండు పద్ధతులలో పనిచేస్తుంది. మొదటి పద్ధతిలో చిల్లుల గొట్టము చుట్టూ గాజునూలు కూరి శబ్దశక్తిని ఉష్ణముగా మారుస్తారు. రెండవ పద్ధతిలో అరలు నిర్మించి, వెనుకకు మళ్ళిన తరంగము ముందు వచ్చే తరంగాన్ని రద్దు చేసేటట్లు చూస్తారు. సైలెన్సరు తీసివేసిన కార్లలో ఒకానొక వేగము వద్ద లోపల కూర్చున్నవారి చెవులలో ఎడతెగని హోరు వినిపించుట ఈ రెండవ ఏర్పాటు లోపించినందువలననే. దానిని తగ్గించుటకు తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు పొడవున ఒక వైపు మూసిన గొట్టాన్ని ప్రక్కగా అతికిస్తారు. వేడి వాయువులో ధ్వని వేగము సెకనుకు 500 మీటర్లు అనుకొంటే, 100 హెర్ట్జుల స్వరమునకు ఆ గొట్టము 1.25 మీటర్ల పొడవు ఉండాలి. కారు క్రింద అంత చోటు దొరకుట కష్టము.

శక్తి పెరుగుతుందా?

"పెద్ద గొట్టము, పెద్ద శబ్దము, పెద్ద శక్తి" అనుకొనుట ఒక అపోహ. "ఇంజనుకు వెనుక ఒత్తిడి ఉండితీరాలి" అనుకొనుట దానికి ఎదురు అపోహ. వెనుక ఒత్తిడి ఎప్పుడూ నష్టమే. అయితే గొట్టము మరీ వెడల్పయితే వాయువుల వేగము తగ్గి, ఇంజను తక్కువ వేగములో ఉన్నప్పుడు లాగుడు పడిపోతుంది. దీనిని చూచినవారు వెనుక ఒత్తిడి లేనందువలన అట్లు జరిగినదని పొరబడతారు.

ఎగ్జాస్టు కవాటము తెరుచుకొనగానే బయలుదేరిన ఒత్తిడి తరంగము గొట్టము కలిసే చోటికి చేరి, అల్పపీడన తరంగముగా వెనుకకు మళ్ళుతుంది. అది సరిగా రెండు కవాటములు కొద్దిసేపు తెరచి ఉండే సమయమునకు సిలిండరును చేరితే, మిగిలిన పొగను లాగివేసి, కొత్త మిశ్రమమునకు చోటు కల్పిస్తుంది. అందుకే పందెపు కార్లలో నాలుగు గొట్టములను లెక్కకట్టిన సమాన పొడవులతో చేసి ఒకటిగా కలుపుతారు. దీనిని హెడరు అంటారు. ఈ మేలు కూడా ఒక పరిమిత వేగశ్రేణిలోనే లభిస్తుంది. టర్బోచార్జరు ఉన్న ఇంజనులో టర్బైను తరువాతి గొట్టమును వెడల్పు చేస్తే స్పష్టమైన లాభము ఉంటుంది. మామూలు కారులో వెనుక సైలెన్సరును మాత్రమే మార్చినందువలన వచ్చే శక్తి స్వల్పము. నడిపేవాడు వేగముగా భావించేది చాలా వరకు చెవికి సోకినదే.

ప్రమాదములు

కన్వర్టరును తీసివేస్తే దాని వెనుకనున్న ఆక్సిజన్ సెన్సరు లోపాన్ని పసిగట్టి హెచ్చరిక దీపాన్ని వెలిగిస్తుంది. కొందరు కంప్యూటరు ప్రోగ్రామును మార్చి ఆ దీపాన్ని ఆర్పుతారు. దీపము ఆరినంత మాత్రాన విషవాయువులు ఆగవు. అతుకులు సరిగా లేని హెడరు నుండి కారిన కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకొనే ఈ వాయువు అద్దములు మూసిన కారులో ప్రాణాపాయము కలిగించగలదు. యాక్సిలరేటరు వదలినప్పుడు టపటపమని పేలుళ్ళు వచ్చేటట్లు చేయుట మరొక వేడుక. ఇంధనము సిలిండరులో కాక గొట్టములో కాలుటయే ఆ పేలుడు. దాని వేడికి కన్వర్టరు ఉంటే కరిగిపోవచ్చు. తీసిన కన్వర్టరులో విలువైన లోహములు ఉంటాయి కనుక దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయరాదు.

చట్టము

మోటారు వాహనముల చట్టము (1988) 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనాన్ని మార్చుటను నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు సంబంధించిన ఒక కేసులో ఈ నిషేధాన్ని స్పష్టపరచినది. అదే సంవత్సరము చేసిన సవరణలో చేర్చిన 182ఎ సెక్షను ప్రకారము యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణములను మీరినవారికి 190(2) సెక్షను క్రింద 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. కేంద్ర మోటారు వాహనముల నియమావళి (1989) 120వ నియమము ప్రతి వాహనమునకు సైలెన్సరు ఉండాలని చెబుతుంది. శబ్ద కాలుష్య నియమావళి (2000) ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రి, బడి, న్యాయస్థానముల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలము. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత పదింతలు అగునని గుర్తిస్తే ఈ అంకెల విలువ తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

విజయవాడ ఆటోనగర్ మొదలుకొని తెనాలి, బాపట్ల వంటి పట్టణముల వెల్డింగు దుకాణముల వరకు గొట్టము కోసి అతికే నేర్పు కొత్తది కాదు. అయితే మన ప్రాంతములో ఈ మోజు కార్ల కంటె బుల్లెట్ వంటి మోటారు సైకిళ్ళపైననే ఎక్కువ. 2020 తరువాత విశాఖపట్నము, హైదరాబాదులతో సహా పలుచోట్ల పోలీసులు స్వాధీనపరచుకొన్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించి నాశనము చేశారు. పట్టుబడినవారు అసలు సైలెన్సరును మరల బిగించుకొనవలసి ఉంటుంది కనుక, దానిని ముందే అమ్ముకొన్నవారికి ఖర్చు రెండింతలు అవుతుంది.

మార్పు చేసిన కార్లను నడుపుటకు తగిన చోటు పందెపు బాట. తెలుగువారికి దగ్గరలో ఉన్నది 1990లో ప్రారంభమైన, చెన్నై సమీపములోని ఇరుంగాట్టుకోట్టై బాట. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరమున జరిగిన ఫార్ములా ఈ పందెములో పాల్గొన్నవి విద్యుత్ కార్లు. వాటికి ఎగ్జాస్టు గొట్టమే లేదు.