మైటోకాండ్రియా – గుండె, రక్తనాళాల జబ్బులు

కణంలో శక్తిని తయారుచేసే సూక్ష్మాంగాలు మైటోకాండ్రియా. గుండె కండర కణంలో దాదాపు మూడో వంతు జాగా వీటిదే. గుండె వాడుకునే శక్తి అణువు ఏటీపీలో 90 శాతానికి పైగా ఇక్కడే, ఎక్కువగా కొవ్వు ఆమ్లాల నుంచి తయారవుతుంది.

ఆ ఏటీపీని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వెల్లడించారు. గుండె బలహీనపడినవారిలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల నిష్పత్తి తగ్గుతుంది. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీతో దాన్ని కొలవవచ్చు. హృద్రోగ పాఠాల్లో సుబ్బారావు పేరు ఇంకా గట్టిగా వినిపించాలి.

గుండెపోటులో రక్తం అందక కణాల్లో కాల్షియం పోగుపడుతుంది. పూడిక తీసి రక్తం మళ్లీ పారించిన తొలి నిమిషాల్లో కణానికి హానిచేసే ఆక్సిజన్ రాడికల్స్ ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వీటివల్ల మైటోకాండ్రియా లోపొరలో రంధ్రాలు తెరుచుకుని కణం చచ్చిపోతుంది. అలాగని చికిత్స ఆపకూడదు: మైలవరం లాంటి ఊరి నుంచి విజయవాడ ఆసుపత్రికి చేరేలోగా గడిచే ప్రతి నిమిషానికీ కొంత కండరం పోతూనే ఉంటుంది. ఆ రంధ్రాలు తెరుచుకోకుండా ఆపుతుందనుకున్న సైక్లోస్పోరిన్ 2015లో ఫలితాలు వెలువడిన పెద్ద పరీక్షలో రోగులకు మేలు చేయలేకపోయింది.

రక్తనాళాల లోపొరలో ఇవే రాడికల్స్ నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తాయి. నాళం సరిగా సడలదు, చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణ చెంది పూడిక పెరుగుతుంది. పొగాకు, మధుమేహం ఈ నష్టాన్ని వేగిరపరుస్తాయి.