జీబ్రా చేపలు, వాటి గుడ్లు - ఛాయాచిత్రణ విధానం

గాజుతొట్లలో పెంచే అలంకార చేపలలో జీబ్రా చేప మిక్కిలి చిన్నవాటిలో ఒకటి. పెరిగిన చేప నిడివి 3 నుండి 4 సెంటీమీటర్లు మాత్రమే. వెండి వన్నె గల మేనిపై నీలి చారలు నిలువునా తోక వరకు సాగి ఉంటాయి. ఈ చేపకు గల విశిష్టత దాని గుడ్డులో ఉంది. గుడ్డు పైపొర, లోపలి పిండం రెండూ పారదర్శకమైనవి. అందువలన గుడ్డును చీల్చకుండానే ఒక ప్రాణి రూపుదిద్దుకొనే క్రమాన్ని ఆద్యంతం చిత్రించవచ్చు. అయితే ఆ చిత్రానికి విలువ రావాలంటే రెండు నియమాలు తప్పనిసరి. గుడ్డు ప్రాణంతో ఉండాలి. దాని వయస్సు, నీటి ఉష్ణోగ్రత నమోదై ఉండాలి.

పేరు, ప్రాముఖ్యం

జీబ్రా చేప మన ఉపఖండానిదే. గంగా, బ్రహ్మపుత్రా పరీవాహక ప్రాంతాలలోని వాగులు, నెమ్మదిగా పారే నీళ్ళు, వరి మళ్ళు దీని నివాసాలు. గంగానది చేపలను గురించి ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన గ్రంథంలో దీనిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. దీని నేటి శాస్త్రనామం డానియో రేరియో. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ స్ట్రైసింగర్ 1981లో ప్రచురించిన పరిశోధనతో ఇది ప్రయోగశాలలలో స్థిరపడింది. 2013లో దీని జన్యుపటం వెలువడినప్పుడు, మానవ జన్యువులలో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులున్నట్లు తేలింది. హైదరాబాదులోని సీసీఎంబీలో సైతం ఈ చేపపై పరిశోధనలు జరుగుతున్నాయి.

గుడ్ల సేకరణ

మగ చేప సన్నగా, పసిడి ఛాయతో ఉంటుంది. ఆడ చేప పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది. రోజుకు 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి ఉండేలా చూస్తే, ఉదయం వెలుతురు పడిన కొద్దిసేపటికే ఇవి గుడ్లు పెడతాయి. ఒక ఆడ చేప ఒక విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. గుడ్లు దేనికీ అంటుకోక అడుగుకు దిగుతాయి. తల్లిదండ్రులే వాటిని తినివేస్తాయి కనుక తొట్టి అడుగున గాజు గోలీలు ఒత్తుగా పరచాలి. గోలీల సందులలోకి జారిన గుడ్లు చేపల నోటికి అందవు. తరువాత సన్నని గొట్టంతో గుడ్లను పైకి లాగి, శుభ్రమైన నీరున్న పాత్రలోకి మార్చాలి. తెల్లగా, మసకగా మారిన గుడ్లు చనిపోయినవి. వాటిని వెంటనే తీసివేయకుంటే బూజు పట్టి, పక్కనున్న మంచి గుడ్లకూ వ్యాపిస్తుంది. నీటిలో కనబడీ కనబడని నీలిఛాయ వచ్చేంత స్వల్పంగా మిథిలిన్ బ్లూ కలపడం బూజును అరికడుతుంది.

పెద్ద చేపల చిత్రణ

ఈ చేపలు క్షణం నిలువవు. తొట్టి లోపల ముందరి అద్దానికి కొద్ది దూరంలో మరొక గాజుపలకను నిలిపితే, చేప ముందుకు వెనుకకు పోజాలదు. లెన్సుకు సమాన దూరంలోనే ఈదుతుంది. ఇరుకు చేసిన ఆ చోట చేపను కొద్ది నిమిషాలకు మించి ఉంచరాదు. లెన్సును అద్దానికి ఎదురుగా, నిటారుగా పట్టాలి. ఏటవాలుగా పడితే గాజు, నీరు కాంతిని వంచడం వలన రూపం చెదురుతుంది. కెమెరాపై ఉన్న ఫ్లాష్ నేరుగా వెలిగితే అద్దంలో మెరుపు పడుతుంది. కనుక ఫ్లాష్‌ను విడదీసి తొట్టి పైనుండి ఏటవాలుగా వెలిగించాలి. అపెర్చర్ ఎఫ్8 నుండి ఎఫ్11 వరకు, షట్టర్ సెకనులో 125వ వంతు నుండి 200వ వంతు వరకు ఉంచవచ్చు. చేప కదలికను నిలిపేది షట్టర్ కంటే ఫ్లాష్ యొక్క క్షణిక వెలుగే. కంటిపై ఫోకస్ చేయాలి. వెనుక నల్లని కాగితం ఉంచితే చారలు స్ఫుటంగా కనబడతాయి.

గుడ్ల చిత్రణ

గుడ్డు వ్యాసం పైపొరతో కలిపి ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. వస్తువును దాని నిజ పరిమాణంలో సెన్సర్‌పై పడవేసే మాక్రో లెన్సు వాడినా, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల సెన్సర్‌పై గుడ్డు ఇరవయ్యో వంతు మాత్రమే ఆక్రమిస్తుంది. కనుక సూక్ష్మదర్శిని మేలు. పాఠశాలలలో ఉండే సాధారణ సూక్ష్మదర్శినిలో 40 రెట్ల వృద్ధీకరణ చాలు. దాని కంటికటకం వద్ద మొబైల్ ఫోన్‌ను కదలకుండా అమర్చి చిత్రం తీయవచ్చు.

గుడ్డును బల్లపరుపు గాజుపలకపై ఉంచి పైపలక మూస్తే నలిగిపోతుంది. నడుమ గుంట ఉన్న పలకను గాని, చిన్న గాజుగిన్నెను గాని వాడాలి. కణాలు పచ్చసొనపై టోపీవలె కూర్చునే దశలో పక్కనుండి చూడడం అవసరం. మెత్తని కుంచె కొసతో గుడ్డును నెమ్మదిగా దొర్లించాలి. ఒకేసారి గుడ్డు అంతా స్పష్టంగా రాదు కాబట్టి ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పలు చిత్రాలు తీసి, కంప్యూటర్‌లో జోడించవచ్చు.

కాంతి విషయంలో జాగ్రత్త ముఖ్యం. వేడి పుట్టించే పాత తరహా బల్బు కింద రెండు చుక్కల నీరు త్వరగా కాగుతుంది, ఇంకుతుంది. చిత్రానికి వెలుగునిచ్చిన దీపమే పిండానికి మృత్యువు కాగలదు. ఎల్ఈడీ దీపం వాడి, చిత్రం తీసేటప్పుడే వెలిగించి, రెండు మూడు నిమిషాలలో గుడ్డును తిరిగి పాత్రలోకి చేర్చాలి.

గంటల వారీ మార్పులు

నీరు 28.5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు కనబడే క్రమం ఇది:

45 నిమిషాలు: తొలి విభజన; రెండు కణాలు. ఆపై సుమారు 15 నిమిషాలకొక విభజన.
2 గంటలు: 64 కణాలు.
5 గంటల 15 నిమిషాలు: కణాల పొర పచ్చసొనను సగం కప్పుతుంది.
10 గంటలు: పచ్చసొన పూర్తిగా కప్పబడి, తోక మొగ్గ కనబడుతుంది.
24 గంటలు: కళ్ళు, తోక స్పష్టం, గుండె కొట్టుకోవడం, రంగు కణాలు మొదలు.
48 నుండి 72 గంటలు: పిల్ల పైపొరను చీల్చుకొని వెలుపలికి వస్తుంది.

నమోదు

నీరు చల్లబడితే ఎదుగుదల మందగిస్తుంది. 25 డిగ్రీల వద్ద పెరిగిన పిండం, అదే గంటకు 28.5 డిగ్రీల వద్ద పెరిగినదానికంటే వెనుకబడి ఉంటుంది. ఉష్ణోగ్రత రాయకుండా గంటలు మాత్రమే రాస్తే, ఆరోగ్యమైన పిండం కూడా లోపం గలదిగా తోస్తుంది. అందుచేత ప్రతి చిత్రం కింద గుడ్డు పెట్టిన సమయం, చిత్రం తీసిన సమయం, నీటి ఉష్ణోగ్రత రాయాలి. అదే వృద్ధీకరణలో మిల్లీమీటరు గీతల స్కేలును ఒకసారి చిత్రించి ఉంచితే పరిమాణం కూడా తేలుతుంది. చిత్రించిన గుడ్డు పొదిగిందా లేదా అన్నది చివరి పద్దు. పొదిగి పిల్ల వెలుపలికి వచ్చినప్పుడే అంతకుముందు తీసిన చిత్రాలను సహజమైన ఎదుగుదలకు ఆధారాలుగా స్వీకరించవచ్చు.