పైసెగ వచ్చిన దారి: తాండూరు–వికారాబాద్ సీమలో కాల్చిన తీపి, నిమ్మ పులుపు

వెన్న, చక్కెర, మైదా కలిపి పళ్ళెంలో అదిమి కాల్చగా వచ్చే, వేలితో నొక్కితే పొడిపొడిగా రాలే పలకను షార్ట్‌బ్రెడ్ అంటారు. స్కాట్లాండ్ ఇళ్ళలో పేరు తెచ్చుకున్న ఈ పలకను అడుగుపొరగా చేసుకుని, దాని మీద గుడ్లు, చక్కెర, నిమ్మరసం గిలకొట్టి పోసి, రెండోసారి కాల్చి, చల్లారాక చతురస్రపు ముక్కలుగా కోస్తే అది లెమన్ బార్ అవుతుంది. ఈ రెండో వంటకం వయసులో చాలా చిన్నది. 1960ల తొలి ఏళ్ళలో అమెరికా దినపత్రికల వంటల శీర్షికల్లోనూ గృహిణుల కోసం అచ్చైన వంటపుస్తకాల్లోనూ ఇది స్థిరపడింది. వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్ వంటి మండలంలో ఇటువంటి వంటకానికి పూర్వచరిత్ర ఏముంటుందని ఎవరికైనా సందేహం కలగవచ్చు. అయితే వంటకాన్ని దాని భాగాలుగా విడదీసి చూసినప్పుడు, అడుగుపొర ఒక దారిన, నిమ్మ మరొక దారిన ఈ సీమకు ఎంతో ముందే చేరాయని, ఆ రెంటినీ ఒకటి చేయగల పైసెగ, అంటే పై నుంచి దిగే వేడి, మాత్రం సామాన్యుల వంటింటికి చాలా ఆలస్యంగా వచ్చిందని తెలుస్తుంది.

దౌల్తాబాద్ అనగానే మహారాష్ట్రలోని దేవగిరి కోట గుర్తుకు రావడం పరిపాటి. ఇక్కడ ప్రస్తావించేది కొడంగల్, తాండూరులకు చేరువలో కర్ణాటక సరిహద్దు దిక్కున ఉన్న మండల కేంద్రాన్ని. కొడంగల్, తాండూరు తాలూకాలు నిజాం రాజ్యంలో గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలోనూ తాండూరు హైదరాబాద్ జిల్లాలోనూ కలిశాయి. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు దౌల్తాబాద్ అందులో చేరింది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే అంగడిలో వినిపించే ఈ నేలలో తిండిగింజ జొన్న, పప్పు కంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు సంగతి అందరికీ తెలిసిందే. గోధుమ ఇక్కడ రోజూ తినే గింజ కాదు. పిండిని మూసిన సెగలో కాల్చే పద్ధతి కూడా పల్లె వంటలోనిది కాదు.

ఇది రుచికి సంబంధించిన లోటు కాదు, పొయ్యి కట్టుబడికి సంబంధించిన విషయం. మూడు రాళ్ళ పొయ్యి గాని, మట్టితో మెత్తిన కట్టెల పొయ్యి గాని వేడిని కింది నుంచే ఇస్తుంది. ఆ వేడితో ఉడకబెట్టవచ్చు, నూనెలో వేయించవచ్చు, పెనం మీద రొట్టె కాల్చవచ్చు. పలుచని జొన్నరొట్టెను తిరగేసి రెండో వైపునూ కాల్చుకోవచ్చు. తిరగేయడానికి వీలులేని మందపాటి, కొవ్వు నిండిన పిండిపలకకు, దాని మీద పోసిన ద్రవానికి కింది సెగ ఒక్కటే చాలదు: అడుగు మాడుతుంది, పైభాగం పచ్చిగా మిగులుతుంది. చుట్టూ గోడలు వేడెక్కి, పైకప్పు నుంచి కూడా సెగ దిగే మూసిన గూడు కావాలి. దానిని దక్కనీ ఉర్దూలో భట్టీ అంటారు. తెలుగువారి నోట అది బట్టీ అయింది.

పైసెగ లేని పల్లె, పిండి, కొవ్వు, తీపి అనే అవే మూడు వస్తువులతో వేరే మార్గాన ఒక వంటకాన్ని సాధించింది. పీర్ల పండుగకూ సద్దుల బతుకమ్మకూ తెలంగాణ ఇళ్ళలో చేసే మలీద ఆ వంటకం. ముందు రొట్టెను పెనం మీద కాల్చి, వేడి మీద నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు చేస్తారు. షార్ట్‌బ్రెడ్‌లో కొవ్వును ముందు పిండికి పట్టించి తరువాత కాలుస్తారు. మలీదలో ముందు కాల్చి తరువాత కొవ్వు పట్టిస్తారు. క్రమం తిరగబడినా, పిండి సాగకుండా నోట్లో రాలిపోవాలన్న కోరిక రెంటిలోనూ ఒకటే. వంటల చరిత్ర రాసేవారు మలీదను నైవేద్యాల జాబితాలో చేర్చి వదిలేయడం అలవాటు. పొయ్యి పరిమితికి పల్లె చెప్పిన సమాధానంగా దానిని చూడడం న్యాయం.

పీర్ల పండుగ వచ్చే ముహర్రం నెలలోనే హైదరాబాద్ నగరం మరో సమాధానం చెప్పింది. గోధుమరవ్వ, మైదా, నెయ్యి, చక్కెర, యాలకులు, బాదం కలిపి బిళ్ళలుగా అదిమి కాల్చే దమ్ కే రోట్ ఆ నెలకు ప్రత్యేకమైన తీపి. దమ్ అంటే పాత్ర మూతిని మూసి, కింద సన్నని నిప్పు ఉంచి, మూత మీద కూడా బొగ్గులు పరచి, లోపలి ఆవిరితోనూ రెండు వైపుల సెగతోనూ పదార్థాన్ని మగ్గబెట్టడం. బిర్యానీకి ప్రసిద్ధమైన ఈ పద్ధతే, బట్టీ లేని ఇంట్లోనూ పైసెగను పుట్టించింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన మనవడి క్షేమం కోరి నాల్-ఎ-ముబారక్ అనే అలం (పీరు) వద్ద రోట్లు సమర్పించాడని పాతబస్తీలో ఒక కథనం ఉంది. అది మౌఖికంగా వినవచ్చేదే కాబట్టి అంతవరకే దానికి విలువ. రోట్‌లో గుడ్డు లేదు, పులిసిన పిండి లేదు, కొవ్వు మాత్రం దండిగా ఉంది. లెమన్ బార్ అడుగుపొరకు దక్కనులో అత్యంత సన్నిహితమైన బంధువు ఇదేనని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ కుటుంబంలో మరొక శాఖ నాన్‌ఖటాయి. సూరత్‌లో డచ్చి వర్తకులు వదిలివెళ్ళిన రొట్టెల బట్టీని ఒక పారశీ పనివాడు చేపట్టాడని, ఐరోపా గిరాకీ పోయాక గుడ్డు, కల్లు లేని పొడి బిస్కత్తులను తయారుచేసి స్థానికులకు అమ్మాడని ఆ నగరపు దోటీవాలా కుటుంబం చెప్పుకునే వృత్తాంతం. గుజరాత్, బొంబాయిల నుంచి ఇటువంటి సరకు దక్కనులోకి రావడానికి రైలు వీలు కల్పించింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలుమార్గం 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ ఆ మార్గం మీది ఊళ్ళే. పాయగా వంశపు ప్రభువు, 1893 నుంచి 1901 వరకు నిజాం దివానుగా ఉన్న వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన వికారాబాద్, తరువాత బీదర్ దారి చీలడంతో జంక్షన్ అయింది. రైలు నిలిచే చోట చాయ్ వస్తుంది, చాయ్ వచ్చిన చోట బిస్కత్తు తప్పదు. హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్ళు వ్యాపించి, ఏడో నిజాం పేరుతో ఉస్మానియా బిస్కత్తు వాడుకలోకి వచ్చాక, ఉప్పూ తీపీ కలిసిన ఆ పొడి బిళ్ళ జిల్లాల బేకరీలకూ నమూనా అయింది. దానిని మొదట ఎవరు చేశారన్న వాదన తెగేది కాదు, తెగనవసరమూ లేదు. 1953లో ఖాన్‌చంద్ రామ్‌నానీ మొజంజాహి మార్కెట్ వద్ద స్థాపించిన కరాచీ బేకరీ పండ్లముక్కల బిస్కత్తుతో ఇంకొక రుచిని చేర్చింది.

కర్ణాటక వైపు నుంచి వచ్చిన ప్రవాహాన్ని నగర చరిత్రకారులు అంతగా పట్టించుకోరు. హాసన్ ప్రాంతపు తిరుమలాచార్ 1898లో బెంగళూరు చిక్కపేటలో తెరిచిన బేకరీతో అయ్యంగార్ బేకరీల పరంపర మొదలైంది. శాకాహారులైన ఆ కుటుంబాలు గుడ్డు వాడని రొట్టెలు, వెన్న బిస్కత్తులు, కారపు బిస్కత్తులు చేసి కన్నడ పట్టణాలకు అలవాటు చేశాయి. తరువాతి తరాల్లో ఆ పేరు గల బోర్డులు తెలంగాణ పట్టణాల్లో కూడా వెలిశాయి. గుల్బర్గాతో పాత చుట్టరికం ఉన్న ఈ సీమకు అది పరాయి సరకుగా తోచకపోవడం వింత కాదు. ఆ వెన్న బిస్కత్తును పలకగా పరచి కాలిస్తే షార్ట్‌బ్రెడ్‌కు అట్టే తేడా ఉండదు.

ఇంతవరకు చెప్పినదంతా అంగడి వంట. ఇంటికీ బట్టీకీ మధ్య వారధిగా నిలిచిన ఆచారం ఒకటుంది: పిండి, నెయ్యి, చక్కెర ఇంటి నుంచే తీసుకువెళ్ళి, కొన్నిసార్లు ఇంట్లోనే కలిపి, బేకరీలో కాల్చే కూలి ఇచ్చి తెచ్చుకోవడం. ముహర్రంలో రోట్లకు, పండుగలకు నాన్‌ఖటాయిలకు ముస్లిం కుటుంబాలు, డిసెంబరులో క్రిస్మస్ కేకుకు సికింద్రాబాద్ రైల్వే నివాసాల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఈ పద్ధతిని పాటించాయి. కొలత ఇంటిది, చేయి ఇంటిది, సెగ మాత్రం అద్దెది. ‘ఇంట్లో చేసినది’ అన్న మాటకు నేడున్న అర్థంతో చూస్తే ఇది సగం ఇంటి వంట అనిపించవచ్చు. ఆ కుటుంబాల దృష్టిలో సరకు నాణ్యతకు తాము పూచీపడిన వంట కాబట్టి అది ముమ్మాటికీ ఇంటిదే.

సరకుల చరిత్ర కూడా కొంత చెప్పవలసి ఉంది. 1937లో డాల్డా పేరుతో మార్కెట్టుకు వచ్చిన వనస్పతి, నెయ్యి కొనలేని బేకరీలకు చౌకైన ప్రత్యామ్నాయమైంది. 1956లో పి.ఎల్. 480 అనే ఆహార సహాయ చట్టం కింద అమెరికాతో కుదిరిన ఒప్పందంతో గోధుమల దిగుమతి పెరిగింది. ఈ కాల్చిన పలకల్లో కొవ్వు చేసే పని రుచినివ్వడం ఒక్కటే కాదు. నీరు తగిలినప్పుడు గోధుమపిండిలో సాగే బంధాలు ఏర్పడతాయి, వాటినే గ్లూటెన్ అంటారు; కొవ్వు పిండిరేణువుల చుట్టూ పొరలా పట్టి నీటిని అడ్డుకుంటే ఆ బంధాలు పొట్టిగా మిగిలి పలక రాలిపోయేలా తయారవుతుంది. వెన్నలో ఆరో వంతు వరకు నీరుంటుంది, నేతిలో దాదాపు ఉండదు. అందువల్ల నేతితో చేసిన రోట్, వెన్నతో చేసిన షార్ట్‌బ్రెడ్ కంటే ఎక్కువ ఇసుకలాగా విరుగుతుంది.

ఇక నిమ్మ. తెలుగువారు నిమ్మ అని పిలిచేది చిన్నగా, గుండ్రంగా, కాగితమంత పలుచని తొక్కతో ఉండే పండు. గూడూరు, నకిరేకల్ మార్కెట్లలో రాశులు పోసేది దీనినే. అమెరికా వంటపుస్తకాలు ఉద్దేశించే లెమన్ పెద్దది, కోలగా, మందపు తొక్కతో ఉండేది, వేరే జాతి. రెండింటి రసంలోనూ సిట్రిక్ ఆమ్లమే ప్రధానమైనా, దేశవాళీ నిమ్మ పులుపు మరింత చురుకు. దాని తొక్కను తురమబోతే పసుపు పొర కింది చేదు తెలుపు వెంటనే తగులుతుంది. కాబట్టి ఇక్కడి నిమ్మతో లెమన్ బార్ చేసేవారు తొక్కను మితంగా వాడి, రసాన్ని కొంత తగ్గించడం మంచిది.

ఈ నిమ్మకు తెలుగు వంటలో ఎప్పటి నుంచో స్థానముంది, అయితే అది పొయ్యి మీది స్థానం కాదు. పులిహోరలో రసాన్ని దించాక కలుపుతారు. ఊరగాయలో ఎండా ఉప్పూ పనిచేస్తాయి. షర్బత్‌కు నిప్పే అక్కరలేదు. వేడి మీద నిమ్మరసం చేదెక్కుతుందని పెద్దలు హెచ్చరిస్తారు. పాలతో దాని వైరం మరీ ప్రసిద్ధం. పాలలో నిమ్మచుక్క పడితే విరిగిపోయినట్టే లెక్క. ఆ విరుగుడునే తీపిగా మలచుకున్న సంప్రదాయం దక్కనులో లేకపోలేదు: ఈ సీమకు చేరువలోని కల్యాణి నుంచి పాలించిన చాళుక్య సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో, కాచిన పాలను పులుపుతో విరిచి, ఆ ముద్దకు బియ్యప్పిండి కలిపి వేయించే తీపి ఉంది. గుడ్డు తినని ఇళ్ళలో నేటి లెమన్ బార్ పైపొరకు ఉపయోగించే ఉపాయం దీనికి దూరపు చుట్టమే. డబ్బాలో దొరికే చిక్కని తీపిపాలలో నిమ్మరసం కలిపితే, ఆమ్లం పాల మాంసకృత్తులను పట్టి ద్రవాన్ని గట్టిపరుస్తుంది. చక్కెర ఎక్కువగా, నీరు తక్కువగా ఉండడం వల్ల అది గడ్డలుగా విరగదు, నున్నగా చిక్కబడుతుంది.

నిమ్మ పులుపు మరొక చోట కూడా తన గుణం చూపుతుంది. ఇళ్ళలో నేలకూ వంటగట్టుకూ పరిచే తాండూరు బండ సున్నపురాయి జాతిది. దాని మీద నిమ్మరసం చింది నిలిస్తే రాయి కొద్దిగా కరిగి తెల్లని మచ్చ పడుతుంది. పాలిష్ చేసిన గట్టు ఉన్నవారు నిమ్మకాయను పళ్ళెంలో కోయడం మేలు.

అడుగుపొరనూ నిమ్మనూ కలిపే పైసెగ సొంతంగా చేతికి వచ్చింది ప్రవాసంలో. అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చిన తరువాత తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ఏర్పడేనాటికి వారు ఒక సమాజంగా నిలబడ్డారు. అక్కడి అద్దె ఇంట్లో కూడా పొయ్యి కింద ఓవెన్ అమర్చి ఉంటుంది. ఆ ఓవెన్‌ను మూకుళ్ళు, పెనాలు దాచుకునే అలమరగా వాడుకున్న ఇళ్ళకు లెక్కలేదన్నది ప్రవాసుల్లో పాత హాస్యం. బడిలో పిల్లలు బేక్ సేల్ కోసం అడిగినప్పుడు, పొరుగువారి విందుకు తలా ఒక వంటకం తీసుకువెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ పాత్రలు బయటికి వచ్చి, ఓవెన్ వెలిగింది. పులుపు ఇష్టపడే నాలుకకు లెమన్ బార్ కేకు కంటే త్వరగా నచ్చడంలో ఆశ్చర్యం లేదు.

సొంత ఊళ్ళలో ఓవెన్ చేరకముందే మరో ఉపాయం వాడుకలో ఉంది: ప్రెషర్ కుక్కర్ అడుగున ఇసుక గాని ఉప్పు గాని పోసి, వెయిట్ తీసేసి, పిండి గిన్నెను లోపల నిలిపి కేకు చేయడం. మూసిన పాత్రలో గాలి వేడెక్కి చుట్టూ తగులుతుంది కాబట్టి ఇది దమ్‌కు దగ్గరి పద్ధతి, కాకపోతే మూత మీద బొగ్గులు ఉండవు. కేకు పొంగడానికి ఆ సెగ సరిపోతుంది గాని, షార్ట్‌బ్రెడ్ పైభాగం బంగారు రంగుకు తిరగడానికి సరిపోదు. ఇందులో కాల్చిన పలక పాలిపోయి ఉంటుంది. కరెంటుతో పనిచేసే ఓటీజీ పెట్టెలో పైన ఒక కడ్డీ, కింద ఒక కడ్డీ ఎర్రబడతాయి. వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లో ఇంటి లెమన్ బార్ ఆ రెండు కడ్డీల వల్లనే సాధ్యమవుతోంది. అడుగుపొరను దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ వద్ద ముందుగా ఒంటరిగా కాల్చడం తప్పనిసరి. పచ్చి పిండి మీద నిమ్మద్రవం పోస్తే అది పీల్చుకుని ముద్దవుతుంది.

గోధుమ అంతగా పండని ఈ నేలకు ఈ పలకలో ఒక అనుకూలత కూడా దొరికింది. రొట్టెకు, కేకుకు గ్లూటెన్ బలం కావాలి. రాలిపోవడమే గుణమైన పలకకు అది అడ్డంకి. గ్లూటెన్ లేని జొన్నపిండి బేకరీ పనికి పనికిరాదన్న మాట బన్ను విషయంలో నిజమే గాని, బిస్కత్తు విషయంలో నిజం కాదు. రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్న బిస్కత్తులను ప్రచారంలోకి తెచ్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో ఆ సరకుకు గిరాకీ పెరిగింది. మైదాలో సగం జొన్నపిండి కలిపి, వెన్నకు బదులు నెయ్యి వాడి చేసిన అడుగుపొర దమ్ కే రోట్‌లాగే ఇసుకగా విరుగుతుంది. కోసేటప్పుడు అంచులు రాలకుండా ఉండాలంటే పళ్ళేన్ని కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, కత్తిని ప్రతి కోతకూ తుడవాలి.