దర్బను రేవు, జపాను బండ్లు, మనవారు

నేటి ప్రసంగము మోటారు బండ్లను గూర్చినది. రంగనాయకస్వామి కోవెల నీడను, రంగసముద్రపు గట్టున బ్రదుకు శ్రీరంగాపురపు పెద్దలకు సముద్రపు రేవులతోను, జపాను దేశపు వేగవాహనములతోను ఏమి పని యని తోచవచ్చును. పని కలదు. మేస్త్రి యొద్ద ముందుగా సొమ్ము పుచ్చుకొని, ఆనకట్టల పనులకై దూరప్రాంతములకు గుంపులుగా తరలిపోయిన పాలమూరు కూలీల చరిత్ర నెఱిగిన మీకు ఈ కథ మొదటి భాగము క్రొత్తది కానేరదు. రెండవ భాగము మాత్రము కొంత వింతగా నుండును.

ఆఫ్రికా ఖండపు ఆగ్నేయతీరమున దర్బను అను గొప్ప రేవుపట్టణము కలదు. 1860 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన 'ట్రూరో' అను ఓడ మదరాసునుండి 342 మందిని తీసికొని ఆ రేవు చేరినది. చెఱకుతోటలలో పని, ఐదేండ్ల ఒడంబడిక, మొదటి యేట నెలకు 10 షిల్లింగుల జీతము. ఈ రీతిగా 1911 వఱకు లక్షా ఏబదిరెండు వేలకు పైగా మనుజులు మన దేశమునుండి ఆ తీరమునకు పోయిరి. వారిలో మూడింట రెండువంతులు మదరాసు రేవున ఓడ యెక్కినవారే. గంజాము, విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువా రందు వేలకొలది కలరు. ఒడంబడిక తీరిన పిదప పలువురు అచ్చటనే నిలిచి కూరగాయలు పండించిరి, బట్టలు కుట్టిరి, బండ్లు తోలిరి. 1931 లో దర్బనున ఆంధ్ర మహాసభ వెలసినది. నాయుడు, రెడ్డి యను పేరులు నేటికిని ఆ పురమున నిలిచియున్నవి. ఇంట మాటలాడు భాష మాత్రము పెక్కుమందికి ఇంగ్లీషే యైపోయినది.

ఇక మోటారు బండి వారి బ్రదుకులోనికి వచ్చిన విధము చెప్పవలెను. అది విలాసముగా వచ్చినది కాదు. 1950 లో ఆ దేశపు ప్రభుత్వము ఒక్కొక్క జాతివారు ఒక్కొక్క చోటనే నివసింపవలెనని చట్టము చేసినది. ఆ చట్టము చేత కాటో మేనరు మొదలగు పేటలలో తాతలనాటి ఇండ్లు, తోటలు, కోవెలలు గల మనవారిని లేవగొట్టి, 1960 దశకమునుండి చాట్స్‌వర్తునకును, 1976 నుండి ఫీనిక్సునకును తఱలించిరి. రెండును పట్టణమునకు దూరము. పనులన్నియు పట్టణములోనే. తెల్లవాఱకముందే బయలుదేఱి ప్రొద్దు క్రుంకిన పిదప ఇల్లు చేరవలసిన వానికి బండి కావలెను. బండి చెడినచో కూలి పోవును. కావున ఇంటి వెనుక దొడ్డిలో, చింకిగోనెపై పరుండి, తన బండిని తానే బాగుచేసికొను విద్య ఇంటింట పుట్టినది. మనవారు నడపిన బస్సులు సైతము రంగులతోను, పేర్లతోను, పెద్ద సంగీతముతోను పెండ్లిబండ్లవలె పోవుచుండెడివి. బండి నలంకరించు ముచ్చట అక్కడినుండి కారులకు వ్యాపించెనని నా యూహ.

ఈ చోట జపాను ప్రవేశించుచున్నది. 1961 లో ఆల్బర్టు వెస్సెల్సు అను దక్షిణాఫ్రికా వర్తకుడు టయోటా వారి 'టయోపెట్ స్టౌట్' అను చిన్న సామాను బండ్లను పదింటిని దిగుమతి చేసికొనెను. మరుసటి యేట దర్బనులోనే వాని విడిభాగములు కూర్చుట ప్రారంభమైనది. సరిగా ఆ కాలముననే దక్షిణాఫ్రికా ప్రభుత్వము జపానుతో ఇనుము వర్తకము పెంచుకొన గోరి, జపానీయులను 'గౌరవ శ్వేతజాతీయులు'గా నెంచుట కంగీకరించినది. అనగా వ్యాపారమునకై వచ్చిన జపానీయుడు తెల్లవారి పేటలలో ఉండవచ్చును, తెల్లవారి హోటళ్ళలో భుజింపవచ్చును. నూఱేండ్లుగా ఆ నేలను సాగుచేసిన తెలుగువాడు ఉండరాదు! అతని ఇంటిమీదికి అదే యేండ్లలో ఖాళీచేయుమను తాఖీదు వచ్చుచుండెను. చర్మపు రంగును గూర్చి శాస్త్రము చెప్పినవారికి ఇనుపరాతి వర్తకము ముందు ఆ శాస్త్రము ఎంత తేలిక యయ్యెనో చూడుడు.

1970 దశకపు తొలినాళ్ళలో దర్బను పట్టణమునకు దక్షిణమున ప్రోస్పెక్టను అను పల్లపునేలలో టయోటా కర్మాగారము లేచినది. దానిని ఆనుకొనియే ఇసిపింగో అను ఊరు, మనవారి యిండ్లు, కోవెలలు. ఆఫ్రికనులును, హిందూదేశ సంతతివారును ఆ కర్మాగారమున కూలిచేసిరి. 1975 నుండి కరోలా కారు అచ్చట తయారయ్యెను. చమురు దేశములు దక్షిణాఫ్రికాకు చమురు అమ్ముట మానిన కాలమది. 1979 లో ఇరాను కూడ ఆపివేసినది. కావున తక్కువ చమురు త్రాగు చిన్న ఇంజనుల బండికి గిరాకి పెరిగినది. 1980 నుండి ఆ దేశమున టయోటాయే అమ్మకములలో మొదటిది. వర్ణద్వేషమునకు నిరసనగా 1980 దశకమున అమెరికా కంపెనీలు వెడలిపోయినను జపాను బండ్లు నిలిచినవి. జపాను ప్రభుత్వము తన కంపెనీలు ఆ దేశమున నేరుగా పెట్టుబడి పెట్టరాదని నిషేధించియుండెను. కాని కర్మాగారము వెస్సెల్సు వారిది, జపానువారిచ్చినది అనుమతియు విడిభాగములును మాత్రమే. ఈ యుపాయముచే నిషేధమును నిలిచినది, వర్తకమును నిలిచినది. 1987 నాటికి దక్షిణాఫ్రికాతో వర్తకమున జపానుదే ప్రథమస్థానము.

ఇట్లు తండ్రులకు అవసరముగా వచ్చిన బండి కొడుకులకు మోజైనది. కాంక్వెస్టు అను చిన్న కారులో 'ఆర్.ఎస్.ఐ.' అను వేగపు తరగతి వచ్చెను. తరువాత, 1990 దశకమున, కరోలాలో 20 వాల్వుల ఇంజను వచ్చెను. దాని మర్మము సులభముగా చెప్పెదను. ఇంజను పొయ్యివంటిది, గాలి యెంత ఎక్కువగా లోనికి పోయి, పొగ యెంత త్వరగా వెలుపలికి వచ్చునో మంట అంత బలముగా నుండును. ఆ ఇంజనులో నాలుగు సిలిండరులు. ఒక్కొక్కదానికి గాలి పోవుటకు మూడు తలుపులు, పొగ వచ్చుటకు రెండు. ఒకటిన్నర లీటరులకు కొంచె మెక్కువ పరిమాణము గల ఇంజను నిమిషమునకు ఏడువేలకు మించి చుట్లు తిరిగి 160 గుఱ్ఱముల బలము నిచ్చెను. కుటుంబమంతయు కూర్చుండి కోవెలకు పోవు కారే అది. బోనెటు క్రింద మాత్రము పందెపుగుఱ్ఱము. సముద్రతీరమున గాలి చిక్కన. జొహాన్నెస్‌బర్గు సముద్రమునకు 1,700 మీటరులకు పైగా ఎత్తున నున్నది గనుక అచ్చట గాలి పలుచన. టర్బో లేని ఇంజను అచ్చట ఆఱవవంతు బలము కోల్పోవును. తమ బండ్లు పైదేశపు బండ్లకంటె చురుకని దర్బను కుఱ్ఱలు గొప్పలు పోవుటలో కొంత భౌతికశాస్త్రము కూడ కలదన్నమాట.

అయితే జపానులోనే అమ్ముడుపోవు మేటి బండ్లు, 1989 లో వచ్చిన నిస్సాను స్కైలైను జి.టి.ఆర్. వంటివి, వీరికి ఎట్లు దొరకును? జపానులో క్రొత్త కారును మూడేండ్లకును, అటుపై రెండేండ్లకొకసారియు ప్రభుత్వ పరీక్షకు తేవలెను. ఆ పరీక్షకు ఖర్చు మెండు. అందుచే అచ్చటివారు బండి బాగుండగనే అమ్మివేయుదురు. వేలములో అది చౌకగా పోవును. జపానులోను మనవలెనే రోడ్డుకు ఎడమప్రక్క నడచుట, స్టీరింగు కుడిప్రక్క నుండుట ఆచారము. కావున ఆ పాతబండ్లు ఎడమప్రక్క నడచు దేశములకు ఓడలకెక్కును. అట్టి బండ్లు వేలకొలది దర్బను రేవుననే దిగును. కాని అవి దక్షిణాఫ్రికావారికి కావు! పాతబండ్ల దిగుమతిని ఆ దేశము, కొలది మినహాయింపులు తప్ప, నిషేధించినది. అవి జింబాబ్వే, జాంబియా, బోట్స్‌వానా మొదలగు పొరుగుదేశములకు సాగిపోవలసినవి. ఇంటి ముంగిట నుండియే పోవును, కొనుటకు వీలులేదు.

బండి రాకున్నను ఇంజను వచ్చినది. వాడిన ఇంజనులకు ఆ నిషేధము లేదు. జపానులో విడదీసిన బండ్ల ఇంజనులు, గేరుపెట్టెలు ఓడలలో వచ్చి దర్బను అంగళ్ళలో వరుసగా పేర్చబడెను. చాట్స్‌వర్తు దొడ్డిలో నేర్చిన విద్య ఇప్పుడు పనికివచ్చినది. ప్రోస్పెక్టనులో తయారైన సామాన్యపు కరోలాలో జపానునుండి వచ్చిన బలమైన ఇంజనును దింపుట, తీగలు కలుపుట, పొగ విసురుతోనే చక్రము త్రిప్పి గాలిని ఇంజనులోనికి దట్టించు టర్బోను బిగించుట! ధనవంతుడు కొనిన బండికంటె, చేతులతో కూర్చిన బండికే ఆ సమాజమున గౌరవ మెక్కువ. నాకును అదియే న్యాయమని తోచును.

అన్నిటిని మెచ్చుకొనుటకు వీలులేదు. రాత్రివేళ బహిరంగ వీథులలో పందెములు కట్టి బండ్లు పరుగెత్తించుట చట్టవిరుద్ధము. ఆ పందెములలో దారినిపోవువారి ప్రాణములును పోయినవి. బండి బాగుచేసికొను నేర్పు వేఱు, ఇతరుల ప్రాణముతో పందెమాడుట వేఱు. పందెమునకు వేఱుగా కట్టిన బాటలు కలవు. అచ్చట ఎంత వేగమైనను పోనిండు.

పాతబండ్లకు రేవు తెఱువవలెనా, మూయవలెనా? ఇది తేలిక ప్రశ్న కాదు. న్యూజీలాండు 1980 దశకాంతమున తలుపు తెఱచినది. ప్రజలకు చౌకగా మంచి బండ్లు దొరకినవి. కాని 1998 నాటికి ఆ దేశపు కారు కర్మాగారము లన్నియు మూతపడినవి. దక్షిణాఫ్రికా తలుపు మూసి ప్రోస్పెక్టనును నిలుపుకొన్నది. అందుకు వెల కొనువాడు చెల్లించినాడు: జపానులో ఎన్నడో మానివేసిన ఆకృతినే టాజ్ అను పేర 2006 వఱకు అచ్చట క్రొత్తబండిగా కొనిరి. తండ్రి కర్మాగారమున కూలి, కొడుకు జపాను బండిపై మోజు గల ఇంటిలో ఈ తగవు భోజనముల వేళ ఎట్లు సాగునో మీరూహింపవచ్చును. నేను తండ్రి పక్షమే. మన దేశమును మూయు మార్గమే పట్టినది. మూడేండ్లు మించిన పాతకారు మనకు దిగుమతి కారాదు. మన తెలుగునేలపై జపాను బండి వచ్చినదన్నను కర్మాగారముగానే వచ్చినది: 1980 దశకమున జహీరాబాదులో ఆల్విన్ నిస్సాను సామాను బండ్లు, 2016 లో శ్రీసిటీలో ఇసుజు బండ్లు.

2022 ఏప్రిలులో దర్బనున కుంభవృష్టి కురిసినది. నాలుగువందల మందికి పైగా మరణించిరి. ప్రోస్పెక్టను పల్లమంతయు నీట మునిగి, కర్మాగారము బురదతో నిండెను. నెలల తరబడి పని నిలిచి, జూలైనుండి క్రమముగా మరల సాగినది. అమ్మకమునకు సిద్ధముగానున్న క్రొత్తబండ్లు నాలుగు వేలకు పైగా తడిసి చెడినవి. వాని ముక్కయైనను అంగడికి చేరి ఎవరి ప్రాణమునకును ముప్పు తేరాదని కంపెనీవారు అన్నిటిని నుగ్గుచేయ నిశ్చయించిరి. ఇంజను దొరికిన చాలునని రేవు అంగళ్ళలో తిరుగువారికి ఆ వార్త ఎట్లుండెనో గాని, కర్మాగారపు కూలీలు పారలు పట్టి బురద నెత్తిపోయుచుండిరి.